బండి ఎక్కడికెళ్లి పోస్తోంది?

ఉద్యోగమంతా పట్టణాల కాలువల మీదా పంపుల మీదా గడిచింది. ఇప్పుడు సాలూరులో పింఛను తీసుకుంటూ కూర్చున్నాను. మునిసిపాలిటీలో కొత్తగా చేరిన మేనల్లుడు వచ్చి, "మావయ్యా, మురుగు సంగతి నాలుగు ముక్కలు చెప్పు" అన్నాడు. నాలుగుతో ఆగేది కాదని వాడికి తెలీదు.

1. ముందు లెక్క వేసుకో

2011 జనాభా లెక్కల నాటికి మన ఊరు దాదాపు 50 వేలు. మురుగు గొట్టాలున్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లివ్వాలని కేంద్రం కొలత పెట్టింది. వాడిన నీళ్లలో నూటికి ఎనభై పాళ్లు మురుగై బయటికొస్తాయి. ఆ కొలత ప్రకారం రోజుకు 54 లక్షల లీటర్లు. కుళాయి అంత ఇవ్వకపోతే మురుగూ ఆ మేరకు తగ్గుతుంది, అంతే. మంచినీళ్ల పథకానికి శంకుస్థాపన చేసేనాడు ఈ ఎనభై పాళ్ల మాట ఎత్తినవాణ్ణి నేను చూడలేదు.

2. నది వెంట కిందికి నడిచి చూడు

వేగావతి పాచిపెంట కొండల్లో పుట్టి, మన ఊరిని ఒరుసుకుంటూ బొబ్బిలి వైపు పోతుంది. వంగర మండలం సంగాం దగ్గర సువర్ణముఖీ, నాగావళీ, ఇదీ కలుస్తాయి. శివరాత్రికి సంగమేశ్వరుడి దగ్గర జనం మునిగేది ఆ నీళ్లలోనే. అక్కణ్నించి నాగావళి శ్రీకాకుళం దాటి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో పడుతుంది. దారిపొడుగునా ఇసుకలో ఊటబావులు తవ్వుకుని నీళ్లు తోడుకుంటున్నారు జనం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు మనం పార్వతీపురం మన్యంలోకి వచ్చాం, బొబ్బిలీ సంగామూ విజయనగరంలో ఉన్నాయి, ఆ కింద శ్రీకాకుళం. ముగ్గురు కలెక్టర్లు, నీరు మాత్రం ఒకటే. మన గెడ్డలో పడింది మన హద్దు దాటాక మనది కాదనుకోవడం చాలా సుఖంగా ఉంటుంది. 2024 అక్టోబరులో ఆ విజయనగరం జిల్లాలోనే, చంపావతి నది దాపునున్న గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. తాగే నీటికీ మురుగుకీ మధ్య ఉండాల్సిన దూరం పోతే జరిగేది అదే.

3. మరుగుదొడ్డి కట్టించామని చేతులు దులుపుకోకు

2014 అక్టోబరు 2న స్వచ్ఛభారత్ మొదలయ్యాక ఇంటింటికీ దొడ్లు వచ్చాయి. మంచిదే, ఆడవాళ్ల బాధ తీరింది. కానీ దొడ్డి కింద ఉన్నదేమిటి? లెక్కప్రకారం రెండు గదుల సెప్టిక్ ట్యాంకు ఉండాలి, అందులో తేరిన నీరు ఇంకుడు గుంతలోకి పోవాలి, అడుగున పేరుకున్నదాన్ని రెండు మూడేళ్లకోసారి తీయించాలి. జరుగుతున్నది వేరు. నీటి గొట్టం తిన్నగా సైడు కాలువలోకి పెడతారు. ట్యాంకు తీయించడమన్న మాట ఇంట్లో పెళ్లి కుదిరినప్పుడో, వాసన వీధిలోకి వచ్చినప్పుడో గుర్తొస్తుంది. శ్యామలాంబ పండగకి ఊరు చుట్టాలతో నిండినప్పుడు చూడు, ఎన్ని ట్యాంకులు పొంగుతాయో. కొందరైతే ట్యాంకు మీదే టైల్స్ పరిచేసి, మూత ఎక్కడుందో మర్చిపోతారు. ఇల్లు కట్టే మేస్త్రీని పట్టుకోకుండా ఈ పని బాగుపడదు.

4. బండివాణ్ణి దొంగలా చూడకు

ట్యాంకు బండి ఒక్క ట్రిప్పుకి మూడు నాలుగు వేల లీటర్లు లాగుతుంది. అందులో ఉండేది మామూలు కాలువ మురుగు కాదు, దానికి పదింతలు, ఒక్కోసారి అంతకన్నా చిక్కన. దాన్ని గెడ్డలోనో, ఊరిబయట తోటలోనో వదిలేస్తే ఎన్నో వీధుల మురుగు ఒక్కచోట పోసినట్టే. తప్పే. కానీ పోయడానికి చోటు చూపించావా? దగ్గర్లో చోటు లేకపోతే, పాతిక కిలోమీటర్లు డీజిలు కాల్చుకుని వెళ్లమంటే వాడు వెళ్లడు. నేనైనా వెళ్లను.

ఆంధ్రప్రదేశ్ 2017లోనే ఈ మలవ్యర్థాల మీద ఒక విధానం ప్రకటించింది. నరసాపురంలో రోజుకు 15 వేల లీటర్ల ప్లాంటు పెట్టారు. వచ్చినదాన్ని నీరు విడదీసి, ఆరబెట్టి, వేడికి బొగ్గు చేసే రకం. అంత యంత్రాలు అక్కర్లేని పద్ధతులూ ఉన్నాయి: ఇసుక, కంకర పరిచిన మడుల్లో ఆరబెట్టి, జారిన నీటిని రెల్లుజాతి మొక్కల మడుల గుండా పంపి చెట్లకు పెట్టడం. మన ఎండకి, మన ఊరి ఖజానాకి ఇదే నప్పుతుందని నా అభిప్రాయం. ఘాటీ ఎక్కితే ఒడిశా. వాళ్లు తమ పట్టణాలన్నిటికీ ఇలాంటి ప్లాంట్లు సమకూర్చుకుని, చాలాచోట్ల నడిపే పని మహిళా సంఘాలకు అప్పగించారు. మన లారీలు రోజూ సుంకి మీదుగా అటే పోతుంటాయి. ఒక్కసారి మన ఆఫీసు జీపు కూడా వెళ్తే బాగుణ్ణు.

5. ట్యాంకులోకి మనిషి దిగకూడదు

దీని మీద బేరం లేదు. హైడ్రోజన్ సల్ఫైడు వాయువు మొదట్లో కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారిపోతుంది. "ఇప్పుడు వాసన లేదు, దిగొచ్చు" అనుకున్నవాడు అందుకే పైకి రాడు. వాణ్ణి లాగడానికి దిగిన తమ్ముడూ రాడు. నేను పనిచేసిన ఒక ఊళ్లో చీకట్లో మనిషిని దింపబోతుంటే ఆపించాను. కాంట్రాక్టరు అన్నమాట, "ఆళ్లకి అలవాటేనండి". ఏ కులంవాళ్లకి అలవాటన్నాడో అడగక్కర్లేదు.

2013 చట్టం ఈ పనికి మనిషిని పెట్టడాన్ని నేరం చేసింది. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. చనిపోతే కుటుంబానికి 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. కోలారు బంగారు గనుల్లో తెలుగింట పుట్టిన బెజవాడ విల్సన్‌కి 2016లో మెగసెసె అవార్డు వచ్చింది ఈ పోరాటానికే. నీ గదిలో చట్టం ప్రతి ఒకటి పెట్టుకో. కాంట్రాక్టరు ఎదురుగా కనపడేలా పెట్టు.

6. లారీ షెడ్లకి వెళ్లు

సాలూరంటే లారీలు. బాడీలు కట్టేవాళ్లు, మెకానిక్కులు, సర్వీసింగు షెడ్లు. తీసిన ఇంజనాయిలు కాలువలో పడితే నీటి మీద పొరకట్టి గాలి ఆడనివ్వదు. మురుగును శుద్ధి చేసేది ప్రధానంగా సూక్ష్మజీవులే. చాలా ప్లాంట్లు వాటికి గాలీ, కుదురూ ఇచ్చే ఏర్పాట్లే. నూనె వాటిని చంపుతుంది. పాత ఆయిలు డ్రమ్ముల్లో పట్టి, అనుమతి ఉన్నవాళ్లకి అమ్మితే డబ్బులొస్తాయి. యజమానుల సంఘంతో కూర్చుని మాట్లాడు, నోటీసు తర్వాత.

7. కట్టడం తేలిక, నడపడం కష్టం

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 లెక్క: దేశంలో పట్టణాల మురుగు రోజుకు 72,368 మిలియన్ లీటర్లు. కట్టిన ప్లాంట్ల సామర్థ్యం 31,841. నిజంగా శుద్ధి అవుతున్నది 20,236. రెండో అంకెకీ మూడో అంకెకీ మధ్య ఉన్నది కట్టని ప్లాంట్ల గొడవ కాదు, కట్టినవి సరిగ్గా నడవకపోవడం. కాలువ నుంచి ప్లాంటుదాకా గొట్టం లేక కొన్ని, కరెంటు బిల్లు కట్టక కొన్ని, కాలిన మోటారు మార్చక కొన్ని. కట్టడానికి ఢిల్లీ డబ్బు వస్తుంది, మోటారు మార్చడానికి రాదు. ఆ పద్దు తేలకుండా ఏ కొబ్బరికాయా కొట్టించకు.

8. ప్లాంటు పక్కన ఎవరుంటారు?

జాగా వెతికేటప్పుడు మ్యాపులో వేలు ఎప్పుడూ పేదల కాలనీ మీదే పడుతుంది. వాళ్లు అడ్డంపడితే అభివృద్ధి నిరోధకులంటారు. ముందుగా వాళ్లని బస్సెక్కించి, నడుస్తున్న ప్లాంటు దగ్గర ఓ పూట కూర్చోబెట్టు. వాసన లేదని చెప్పడం వేరు, చూపించడం వేరు.

9. ఒక్క ఊరు మొయ్యలేదు

హైదరాబాదులో మంచినీళ్లకీ మురుగుకీ కలిపి 1989లో ఒకే బోర్డు పెట్టారు. ఒక్క అంబర్‌పేట ప్లాంటే రోజుకు 339 మిలియన్ లీటర్లది. అంతటి ఊరికే ప్రత్యేకంగా బోర్డు కావాల్సొచ్చింది. ఒక ఇంజనీరూ నలుగురు సిబ్బందీ ఉన్న మన ఊరు ఒంటరిగా ఏం చేస్తుంది? సాలూరు, పార్వతీపురం, బొబ్బిలి, రాజాం కలిసి ఒక సంస్థ పెట్టుకోవాలి. ప్రయోగశాల ఒకటి, మరమ్మతు బృందం ఒకటి, బండ్ల లెక్క ఒకటి, బండి పోసుకునే చోట్లు మాత్రం ఊరూరికీ. జిల్లా గీతల్ని బట్టి కాదు, నాగావళి పరివాహకాన్ని బట్టి ఆ సంస్థ ఉండాలి. ఇది జరిగేపని కాదని మా వాడు నవ్వాడు. ఒడిశా వాళ్ల సంగతి విన్నప్పుడూ నేను అలాగే నవ్వాను, వాళ్లు చేసేశారు.

ఊళ్లోవాళ్లకీ ఒక్కమాట. ఈ వేసవిలో మీ ట్యాంకు మూత వెతికించండి. బండి పిలిస్తే, డబ్బులిచ్చే ముందు "ఎక్కడ పోస్తావు బాబూ?" అని అడిగి, బండి నంబరూ తేదీ గోడ క్యాలెండరు మీద రాసుకోండి. ఎవరినైనా లోపలికి దింపుతుంటే అక్కడికక్కడే ఆపించండి, మునిసిపాలిటీకి ఫోను చెయ్యండి. సెప్టిక్ ట్యాంకుల పనికోసమే కేంద్రం పెట్టిన నంబరు 14420.