ఇంట కూర్చిన విమానమునకు మెట్టు

అమెరికాలోని వాన్స్ సంస్థ 2001లో వెలువరించిన ఆర్.వి.-7 విమానమును ఔత్సాహికులు ఇంటనే కూర్చుకొందురు. దాని చిన్నచక్రము తోకక్రింద నుండును. తోక వాలియుండుటచే రెక్క వెనుక అంచు నేలకు దగ్గరగును. కావున పలువురు మెట్టు లేకయే ఎక్కుదురు. వృద్ధులకది కష్టము. రెక్క వెనుకనున్న ఫ్లాపును దాటి అడుగిడవలెను. కాలు దానిపై పడెనా, పలుచని రేకు సొట్టపడును.

మెట్టనగా విమానదేహమునకు బిగించిన ఉక్కుగొట్టము, దాని చివర పాదమానునంత పలక. తల్లిదండ్రులారా, మీ పిల్లలు చదువు మీట పాఠమే యిది! మనిషి బరువు చివరనుండ, బిగించినచోట లాగుడు హెచ్చును. రేకునకే బిగించిన చిరుగును. లోపల దళసరి పలక వేసి, చట్రముతో కలిపి రివెట్లు కొట్టవలెను. విమానము పూర్తియైన పిదప లోనికి చేయి దూరుటయే గగనము. ముందే అమర్చుట మేలు. పిదప తోకవైపు చేరిన బరువునకు తూకము మరల లెక్కింపవలెను.