ఒక్కసారి కట్టి వదిలేసిన బట్ట



చదువుకో, ఉద్యోగానికో, విహారానికో విదేశాలకు వెళ్ళివచ్చిన మన పిల్లల నోట ఈమధ్య "సస్టెయినబుల్ ఫ్యాషన్" అనే మాట తరచుగా వినబడుతోంది. భూమికీ, కుట్టిన చేతులకూ హాని చేయకుండా తయారై, ఎక్కువకాలం మన్నే బట్ట అని దాని భావం. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలలో ఈ మాటకు చెలామణీ ఎక్కువ. ఇక్కడ సినిమా వేడుకలో ఒక కథానాయిక కట్టిన చీర నాలుగు రోజులు తిరక్కముందే ఊళ్ళలోని బట్టల కొట్లకు పాకుతుంది కదా! అందుచేత ఇక్కడివారు బట్టను గూర్చి ఏమనుకుంటున్నారన్నది మనందరి ఇంటి ఖర్చుకూ సంబంధించిన సంగతే.

వారు అక్కడ ఏమి చూసి వస్తున్నారు? మంచి జీతగాళ్ళు సైతం పాత బట్టల దుకాణంలో సంకోచం లేకుండా కోటు కొనుక్కోవడం చూస్తున్నారు. ఫ్రాన్సులో చిరిగిన బట్టనో, అరిగిన బూటునో నిర్ణీత దుకాణాలలో బాగుచేయించుకుంటే బిల్లులో 6 నుండి 25 యూరోల వరకు తగ్గించే ఏర్పాటు 2023 నవంబరులో మొదలైంది. ఇది వింటే మన అమ్మమ్మలు నవ్వుకుంటారు. పాత చీరలతో బొంత కుట్టిందీ, అన్న చొక్కా తమ్ముడికి తొడిగిందీ, పాత బట్టలిచ్చి స్టీలు గిన్నె పుచ్చుకున్నదీ వారే. అయితే వారి పొదుపు లేమి నేర్పినది. చేతిలో డబ్బు ఆడగానే మనం దానిని నామోషీగా ఎంచి వదిలించుకున్నాం. కలిగినవారు కూడ పాతబట్ట తొడగవచ్చునని కళ్ళారా చూపించడమే విదేశయాత్ర చేసే మేలు.

యాత్రికుల కంటబడనిది మరొకటి ఉంది. అక్కడివారు ఇచ్చేసిన బట్టలన్నీ అక్కడే అమ్ముడుపోవు. ఓడలెక్కి ఘనాలోని కాంటమాంటో సంతకూ, మన హర్యానాలోని పానిపట్టుకూ చేరతాయి. పానిపట్టులో బొత్తాలు, జిప్పులు ఊడదీసి, ఉన్ని బట్టలను రంగులవారీగా వేరుచేసి, చీల్చి, మళ్ళీ నూలు వడికి దుప్పట్లు నేస్తారు. ఇక చవకగా దొరికే కొత్తబట్ట వెనుక ఏముందో 2013 ఏప్రిల్ 24న లోకానికి తెలిసింది. బంగ్లాదేశ్‌లోని సవార్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు పాశ్చాత్య దేశాలకు బట్టలు కుట్టే పనివారు. వారి జీతం నెలకు 38 యూరోలని చదివిన పోప్ ఫ్రాన్సిస్ గారు ఆ మే 1న దానిని బానిస చాకిరీగా ఖండించారు.

కొందరు మాటను మాత్రమే నేర్చుకుని వస్తారు. బీరువాలో ఇరవై చీరలుండగా "పర్యావరణ హితం" అన్న చీటీ చూసి ఇరవై ఒకటోది కొంటారు. దానికోసం తిరిగిన విమానం వదిలిన పొగ మాట తలవరు. (విమానం ఎక్కవద్దని కాదు నా మాట.) 4వ శతాబ్దపు పునీత బాసిల్ గారైతే, పెట్టెలో దాచిన వస్త్రం అది లేనివారి సొత్తేనని ప్రబోధించారు!

నిజానికి ఈ పాఠానికి సముద్రాలు దాటనక్కరలేదు. ఫిలింనగర్ కొండ దిగితే కృష్ణానగర్. అక్కడ సినిమా దుస్తులు అద్దెకిచ్చే కొట్లలో ఒకే పోలీసు చొక్కా ఎందరి ఒంటిమీదికో ఎక్కుతుంది. బొత్తాం ఊడితే కుడతారు, వదులైతే బిగిస్తారు. 2018లో వచ్చిన "మహానటి" చిత్రానికి వస్త్రాలంకరణలో జాతీయ పురస్కారం లభించింది. దానిని పంచుకున్నవారిలో ఒకరైన గౌరంగ్ షా హైదరాబాదులో ఉంటూ చేనేతతోనే పేరు తెచ్చుకున్నారు. నగరానికి సుమారు 50 కిలోమీటర్లలో పోచంపల్లి ఉంది. అక్కడ నూలును ముందుగా ముడులు వేసి, రంగులద్ది, ఆ తరువాత నేస్తారు. కనుక అసలు చీర రెండువైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. అచ్చువేసిన నకలు తిరగేస్తే వెలవెలబోతుంది. కొనేముందు తిరగేసి చూడండి, నేసినవారికి కూలి దక్కుతుంది.

తొలి దివ్యసత్ప్రసాదానికి ఒక్క ఉదయం తొడిగే తెల్లగౌనుకు అప్పుచేసే కుటుంబాలు మన విచారణలలో ఉన్నాయి. అక్కది చెల్లెలికి పొడవు చాలకపోతే అంచుకు ఒక కుచ్చు కలపవచ్చు. ఏ దర్జీకైనా అది ఒక పూట పని.