తెల్లవారితే ఆదివారం

కోల్‌కతాలో మా ఇంటికి చుట్టాలొస్తున్నారంటే ఒకప్పుడు కాళీఘాట్‌కో, గంగాసాగర్‌కో అనుకునేవాళ్లం. ఇప్పుడు ఫోను రాగానే "స్లాట్ ఏ రోజు?" అని అడుగుతున్నాను. హైదరాబాద్‌లో అమెరికా వీసా ఇంటర్వ్యూకి స్లాట్ దొరకనివాళ్లు ఫలక్‌నుమా ఎక్కి హౌరాలో దిగుతున్నారు. మా ఇంటికొచ్చేవాళ్లలో ఎక్కువమంది కొత్త పెళ్లికూతుళ్లే. భర్త హెచ్1బీ మీద అమెరికాలో ఉంటాడు, ఈమె భార్యకిచ్చే హెచ్4 కోసం వస్తుంది. సూట్‌కేసు నిండా కాగితాలు, మొహం నిండా భయం.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. కోల్‌కతాలో జరిగేది డిపెండెంట్ వీసా ఇంటర్వ్యూ. మీ ఆయన అమెరికా పౌరుడై, మీరు భార్యగా గ్రీన్‌కార్డు మీదే వెళ్తుంటే ఆ ఇంటర్వ్యూ ఇక్కడ ఉండదు. అలాంటివాళ్లు సాధారణంగా ముంబై వెళ్లాలి. అక్కడ మెడికల్ పరీక్షలుంటాయి, దాని కాగితాల కట్ట వేరే. అమెరికాలో దిగేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే మొదట ఇచ్చేది రెండేళ్ల గ్రీన్‌కార్డే. దాని గడువు తీరే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 దరఖాస్తు వేయాలి. "పిన్నీ, అదీ ఇదీ ఒకటే కదా" అనేవాళ్లు ఏడాదికి ఒకరైనా తగులుతారు.

రెండింట్లోనూ ఆఫీసరు వెతికేది మాత్రం ఒకటే. ఈ పెళ్లి నిజంగా జరిగిందా, కాగితాల కోసం జరిగిందా అని. మన పెళ్లి నిజమే, అందులో అనుమానం లేదు. చిక్కల్లా మన నిజం ఒక్కో కాగితంలో ఒక్కో రకంగా ఉండటమే.

మా అక్క కూతురి సంగతే చూడండి. ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు మా ఇంటికొచ్చింది. రాత్రి భోజనాలయ్యాక కాగితాలన్నీ మంచం మీద పరిచాం. శుభలేఖలో "ఆగస్టు 17 శనివారం రాత్రి 2.47 గంటలకు, తెల్లవారితే ఆదివారం" అని ఉంది. రిజిస్ట్రారు ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్లో 18. అల్లుడు రాసి పంపిన ఉత్తరంలో 17. ఆల్బమ్ అట్ట మీద బంగారు అక్షరాల్లో 17.

"ఇందులో ఏది కరెక్ట్?" అన్నాను.

"అన్నీ కరెక్టే పిన్నీ!" అంది.

పంచాంగం లెక్కలో అది నిజమే. మనకు వారం మారేది సూర్యోదయంతో కాబట్టి జీలకర్ర బెల్లం పెట్టిన ఘడియ శనివారపు రాత్రే. గడియారం లెక్కలో అప్పటికే ఆదివారం వచ్చేసింది. చట్టం చూసేది గడియారాన్నే. 1955 నాటి హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం సప్తపది ఉన్న పెళ్లి ఏడో అడుగుతో పూర్తవుతుంది, ఆ అడుగు పడింది 18న. అల్లుడికి ఫోన్ చేసి ఉత్తరం మళ్లీ రాయించాం. శుభలేఖను ఎవరూ మార్చలేరు, మార్చకూడదు కూడా. దాని గురించి అడిగితే ఇంగ్లీషులో రెండు వాక్యాల్లో ఎలా చెప్పాలో పిల్లకు ఆ రాత్రే నేర్పించాను. అర్ధరాత్రి దాటాక ముహూర్తం ఉన్నవాళ్లందరూ కాగితాల్లో తేదీలు ఇలా సరిచూసుకోండి.

తేదీ తర్వాత పేరు. శుభలేఖలో "చి.ల.సౌ. వెంకట లక్ష్మీ హారిక" అని ఉంటుంది, పాస్‌పోర్టులో హారిక ఒక్కటే. పెళ్లికొడుక్కి ఎవరో సంఖ్యాశాస్త్రం చెబితే ముందు "సాయి" వచ్చి చేరుతుంది. మ్యారేజ్ సర్టిఫికెట్లో అమ్మాయికి అత్తింటి ఇంటిపేరు పడిపోతుంది, పాస్‌పోర్టులో పుట్టింటిదే ఉంటుంది. ఇంటిపేరు మార్చి తీరాలని ఏ చట్టమూ లేదు. పాత పేరుతోనే హాయిగా వెళ్లొచ్చు. కానీ వీసా దరఖాస్తు డీఎస్-160లో పాస్‌పోర్టులో ఉన్న పేరే, అక్షరం తేడా లేకుండా రాయాలి. వేరే పేరు వాడి ఉంటే ఆ వివరం అడిగే గడి విడిగా ఉంది, అందులో రాయాలి. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉండి రెండో గడి ఖాళీగా ఉంటే మాత్రం వీసా మీద మీ పేరు ముందు "ఎఫ్ఎన్‌యూ" అని పడుతుంది. పేరు తెలియదు అని దాని అర్థం. అక్కడికెళ్లాక డ్రైవింగ్ లైసెన్సు మీదా అదే పడొచ్చు. టైముంటే పాస్‌పోర్టే సరిచేయించుకొని బయల్దేరండి.

"పెళ్లయ్యాక ఎన్నాళ్లు కలిసున్నారు?" అని అడిగితే కొందరు అమ్మాయిలు తడబడతారు. ఒకరికి అబ్బాయికి దొరికింది మూడు వారాల సెలవు. అందులో పెళ్లి, సత్యనారాయణ వ్రతం, తిరుపతి పోగా మిగిలింది పదకొండు రోజులు. ఇంకొకరికి మధ్యలో ఆషాఢం వచ్చి పిల్ల పుట్టింటికి వెళ్లిపోయింది. సిగ్గుపడి నెల రోజులని చెప్పకండి. ఆయన పాస్‌పోర్టు మీది ముద్రలే అసలు లెక్క చెప్పేస్తాయి. పదకొండు రోజులైతే పదకొండనే చెప్పండి. "ఎలా పరిచయం?" అంటే మేనమామ తెచ్చిన సంబంధమనో, మ్యాట్రిమొనీలో చూశామనో ఉన్నమాట చెబితే చాలు. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లు కాన్సులేట్ కిటికీ వెనకున్నవాళ్లకు కొత్తేం కాదు.

మేనరికం వాళ్లకు ఒక మాట. మేనబావను చేసుకోవడం మన ఆచారం, ఆచారం ఉన్నచోట హిందూ వివాహ చట్టం కూడా ఒప్పుకుంటుంది. అమెరికాలో మాత్రం రాష్ట్రానికో రూలు. కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో ఇలాంటి పెళ్లిళ్లకు అడ్డు లేదు. టెక్సస్‌లో 2005 నుంచి నిషేధం ఉంది. డల్లాస్ వెళ్లే మేనరికపు జంట ముందుగా ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగాలి. బంధుత్వం గురించి అడిగినప్పుడు దాచడం మాత్రం పనికిరాదు.

ఏం తెచ్చుకోవాలంటే: మ్యారేజ్ సర్టిఫికెట్ ఒరిజినల్, భర్త హెచ్1బీ ఆమోద పత్రం ఐ-797, ఆయన పాస్‌పోర్టు, వీసా కాపీలు, ఉద్యోగం చేస్తున్నట్టు కంపెనీ ఉత్తరం, ఈమధ్య జీతం స్లిప్పులు, డబ్ల్యూ-2. ఐదు కిలోల కరిజ్మా ఆల్బమ్ ఇంట్లోనే వదిలేయండి. పది పన్నెండు ఫోటోలు చాలు, అవీ తలంబ్రాలు పోసుకుంటున్నవి, ఇరువైపుల పెద్దలూ కనిపించేవి. డ్రోన్ షాట్లు, ప్రీవెడ్డింగ్ షూట్లు మీ సరదాకు ఉంచుకోండి. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్1బీ, హెచ్4 వాళ్ల సోషల్ మీడియా కూడా చూస్తున్నారు, ఖాతాలు పబ్లిక్‌లో పెట్టమంటున్నారు. అత్తగారు చూస్తుందని లాక్ చేసుకున్న ఇన్‌స్టాగ్రామ్ కూడా తెరవాల్సిందే. ఫీజు 205 డాలర్లు, వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు.

రావాల్సింది రెండు చోట్లకు. మొదట వేలిముద్రలు, ఫోటో. మనవాళ్లు దాన్ని ఇప్పటికీ ఓఎఫ్‌సీ అనే అంటున్నారు. ఆ వారంలో గోరింటాకు పెట్టుకోకండి. వేళ్ల కొసలు స్కానర్‌కు శుభ్రంగా కనపడాలి. తర్వాత ఇంటర్వ్యూ, హో చి మిన్ సరణిలో. ఆ వీధి అసలు పేరు హారింగ్టన్ స్ట్రీట్. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఇక్కడి వామపక్షాలు పట్టుబట్టి అమెరికా కాన్సులేట్ ఉన్న వీధికే హో చి మిన్ పేరు పెట్టించాయి. బెంగాలీ వాళ్లు నవ్వుతూ చెప్పే సంగతుల్లో ఇదొకటి. కాన్సులేట్ కథ అంతకన్నా పాతది. జార్జ్ వాషింగ్టన్ 1792లోనే బెంజమిన్ జాయ్ అనే ఆయన్ను ఇక్కడికి కాన్సుల్‌గా నియమించాడు. 1794లో వచ్చి దిగితే ఈస్టిండియా కంపెనీ ఆయన్ను కాన్సుల్‌గా గుర్తించనంది, వ్యాపార ప్రతినిధిగా ఉండనిచ్చింది. అంటే ఈ ఊళ్లో కాగితాలు కుదరక ఇబ్బంది పడ్డ మొదటి మనిషి అమెరికావాడే!

అదే వీధిలో బ్రిటిష్ డిప్యూటీ హైకమిషన్ కూడా ఉంది. డ్రైవర్‌కు ఉత్త "కాన్సులేట్" అంటే అక్కడ దింపేసిన సందర్భాలున్నాయి, "అమెరికన్" అని గట్టిగా చెప్పండి. 2024 నుంచి హౌరా స్టేషన్లోనే మెట్రో ఎక్కి, హుగ్లీ కింద నుంచి ఎస్‌ప్లనేడ్ వచ్చి, రైలు మారి మైదాన్‌లో దిగొచ్చు. దుర్గాపూజ రోజుల్లో రాకండి. ఊరంతా పందిళ్లే, రోడ్డు మీద కారు కదలదు. ఇడ్లీ కావాలంటే లేక్ మార్కెట్ దగ్గర దొరుకుతుంది.

ఫోను, పెద్ద బ్యాగు లోపలికి రానివ్వరు. తోడొచ్చినవాళ్లు బయటే ఉండాలి. తెలుగులో మాట్లాడే మనిషి ఉంటారన్న ధీమాతో రాకండి. నాలుగు జవాబులు ఇంగ్లీషులో ఇంట్లోనే చెప్పి చూసుకోండి, బట్టీ పట్టకుండా. బట్టీ పట్టిన జవాబు వినగానే తెలిసిపోతుంది. కిటికీ దగ్గర మాట్లాడేది మహా అయితే రెండు మూడు నిమిషాలు. పాస్‌పోర్టు వాళ్లు ఉంచుకుంటే మంచిదే. 221జీ స్లిప్పు ఇస్తే అంతటితో అయిపోయిందని ఏడవకండి, ఇంకా ఏదో చూడాలనో, కాగితం కావాలనో దాని అర్థం. ఏం అడిగారో చదివి అదే పంపండి.

వెళ్లాక మ్యారేజ్ సర్టిఫికెట్ ఒరిజినల్ చేతి సంచిలోనే ఉంచుకోండి. హెచ్4 మీద చదువుకోవచ్చు గానీ మామూలుగా ఉద్యోగం కుదరదు. 2015 మే నుంచి హెచ్4 మీదున్న కొందరు జీవిత భాగస్వాములకు పని అనుమతి ఇస్తున్నారు. భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు కొంతదూరం నడిచాకే అది. "వెళ్లగానే ఉద్యోగం" అని చెప్పిన మధ్యవర్తి మాట నమ్మి మా బంధువులమ్మాయి ఇక్కడ ఉద్యోగం మానేసి వెళ్లింది, మూడేళ్లు ఖాళీగా కూర్చుంది.

ఇక అక్క కూతురు. నేను వీధి చివర టీ కొట్టు దగ్గర దాని ఫోను పట్టుకుని నిల్చున్నాను. రెండో మట్టికప్పు చాయ్ అయ్యేసరికి బయటికొచ్చింది. భర్త ఏం చేస్తారు, ఏ ఊరు, పెళ్లెప్పుడు అని మూడే అడిగారట. శుభలేఖ వైపు చూడనే లేదట. పాస్‌పోర్టు ఉంచుకున్నారు.

"నేర్చుకున్న రెండు వాక్యాలూ వృథా అయ్యాయి పిన్నీ" అంది. ఆటో ఎక్కాక కాసేపు ఆలోచించి అడిగింది: "ఇంతకీ పెళ్లిరోజు ఎప్పుడు చేసుకోవాలి, 17నా 18నా?"

అల్లుడు కేకు 17నే తెస్తున్నాడట. మా అక్క మాత్రం 18న ఫోన్ చేస్తుంది.