పట్టభద్రులు, పరిశ్రమ, విశ్వవిద్యాలయం: ఉమ్మడి ఆవిష్కరణలో ఎవరి హక్కు ఎంత?

2025 ఆగస్టు 20న మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభమైంది. తెనాలి సమీపంలోని చుండూరు చుట్టుపక్కల నాగార్జున విశ్వవిద్యాలయం, వడ్లమూడిలో విజ్ఞాన్, బాపట్లలో వ్యవసాయ, ఇంజనీరింగ్ కళాశాలలు ముందునుంచీ ఉన్నాయి. రైసు మిల్లుకో రొయ్యల చెరువుకో పనికొచ్చే కొత్త పరికరాన్ని పట్టభద్రులు, సంస్థ, విశ్వవిద్యాలయం ముగ్గురూ కలిసి తయారుచేసేటప్పుడు తలెత్తే ప్రశ్నలకు ఇవి జవాబులు.

ఇందులో “పట్టభద్రులు” అంటే డిగ్రీ పూర్తిచేసినవారు. “సంస్థ” అంటే పని చేయించే వ్యాపారం. “విశ్వవిద్యాలయం” అంటే దాని అనుబంధ కళాశాల కూడా. “ఒప్పందం” అంటే ముగ్గురూ సంతకం చేసిన రాతపత్రం.

1. నోటిమాట మీద పని మొదలుపెట్టవచ్చా?

పెట్టకండి. నోటిమాటను కోర్టులో రుజువు చేయడం కష్టం. పేటెంటు, కాపీరైటు హక్కుల బదిలీకైతే రాతపత్రం తప్పనిసరి. విశ్వవిద్యాలయం తరఫున సంతకం చేసే అధికారం ఎవరికుందో ముందే లిఖితపూర్వకంగా తెలుసుకోండి. విభాగాధిపతి సంతకం ఉన్నంత మాత్రాన సరిపోతుందని అనుకోవద్దు.

2. ఆవిష్కరణ ఎవరిది?

పేటెంట్ల చట్టం, 1970 సెక్షన్ 6 ప్రకారం అర్జీ పెట్టే హక్కు నిజమైన తొలి ఆవిష్కర్తకు, లేదా ఆ హక్కును బదిలీ పొందినవారికి ఉంటుంది. ఉద్యోగి ఆవిష్కరణ దానంతటదే యజమానికి చెందుతుందనే సెక్షన్ ఈ చట్టంలో లేదు. అయితే నియామక పత్రం, విశ్వవిద్యాలయం మేధోసంపత్తి విధానం, గ్రాంటు షరతులు పట్టభద్రులను కట్టిపడేయవచ్చు. ఈ మూడూ చదవకుండా సంతకం చేయకూడదు. హక్కు బదిలీ చేసినా, ఆవిష్కర్తగా పేరు నమోదు చేయమని సెక్షన్ 28 కింద కోరవచ్చు. ఈ కోరిక గడువులోగా పెట్టాలి.

3. పేటెంటు ఉమ్మడిగా వస్తే?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. వేరే ఒప్పందం లేకపోతే సెక్షన్ 50 ప్రకారం ఉమ్మడి యజమానులందరికీ సమాన వాటా ఉంటుంది. ఒక్కొక్కరూ మిగతావారికి లెక్క చెప్పనక్కర్లేకుండా ఆవిష్కరణను తమ లాభానికి వాడుకోవచ్చు. లైసెన్సు ఇవ్వాలన్నా, వాటా బదిలీ చేయాలన్నా మాత్రం మిగతావారి సమ్మతి కావాలి. ఫ్యాక్టరీ ఉన్న సంస్థ సొంతంగా తయారుచేసి అమ్ముకోగలదు. ఫ్యాక్టరీ లేని పట్టభద్రులు మరొకరికి లైసెన్సు ఇవ్వాలంటే అదే సంస్థ సమ్మతి అడగాలి. చట్టం చెప్పిన సమానత్వం ఆచరణలో సమానత్వం కాదు. అందుకే అమ్మకాలపై రాయల్టీ శాతం, సమ్మతి ఇవ్వాల్సిన గడువు, లెక్కలు చూసే హక్కు ఒప్పందంలో రాయించుకోవాలి.

4. ప్రాజెక్టు ఎక్స్‌పోలో చూపించాక పేటెంటుకు అర్జీ పెట్టవచ్చా?

ప్రమాదకరం. ముందే బహిరంగమైనది కొత్తది కాదన్న అభ్యంతరం వస్తుంది. సెక్షన్ 31లో 12 నెలల మినహాయింపు ఉన్నా, అది కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలకు, విద్వత్సభల్లో చదివిన పత్రాలకు వర్తిస్తుంది. మామూలు కళాశాల ఎక్స్‌పోను ఆ కోవలో చేర్చలేం. ముందు తాత్కాలిక వివరణ (ప్రొవిజనల్ స్పెసిఫికేషన్)తో అర్జీ, తర్వాతే ప్రదర్శన. థీసిస్ విషయంలోనూ ఇదే క్రమం.

5. గడువులు ఏమిటి?

తాత్కాలిక వివరణ దాఖలు చేసిన 12 నెలల్లో పూర్తి వివరణ ఇవ్వాలి. ఇవ్వకపోతే అర్జీ వదులుకున్నట్లే. 2024 మార్చి 15 నుంచి దాఖలైన అర్జీలకు, అర్జీని పరీక్షించమని పేటెంటు కార్యాలయాన్ని కోరే గడువు 31 నెలలు. పాత 48 నెలల లెక్క నమ్మవద్దు. మన రాష్ట్రం చెన్నై పేటెంటు కార్యాలయం పరిధిలో ఉంది.

6. కొత్త వరి వంగడానికి పేటెంటు వస్తుందా?

రాదు. విత్తనాలు, మొక్కల రకాలను సెక్షన్ 3(జె) మినహాయించింది. వాటిని 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టం కింద నమోదు చేయించాలి. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, ఎంత దూరం వెళ్లిందో ఈ ప్రాంత రైతుకు చెప్పనక్కర్లేదు. రక్షణ పొందిన రకం విత్తనాన్నైనా రైతు దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరుతో అమ్మకూడదు.

7. సంస్థలో అప్రెంటిస్‌గా చేరితే?

30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవాలి. కాంట్రాక్టు వివరాలను 7 రోజుల్లో అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేయాలి. 2019 అప్రెంటిస్‌షిప్ నిబంధనల్లో పట్టభద్రులకు కనీస స్టైపెండు నెలకు రూ.9,000. సంతకం నాటికి అమల్లో ఉన్న రేటు సరిచూసుకోండి. అప్రెంటిస్‌లు కార్మికులు కారు, శిక్షణ పొందేవారు. శిక్షణ తర్వాత ఉద్యోగం హక్కు కాదు. పనిలో గాయపడితే మాత్రం పరిహారం హక్కే.

మరో హెచ్చరిక: విరుద్ధమైన ఒప్పందం లేకపోతే, అప్రెంటిస్‌షిప్‌లో భాగంగా రాసిన సాఫ్ట్‌వేరుకు తొలి కాపీరైటు యజమాని సంస్థే. కాపీరైటు చట్టం సెక్షన్ 17(సి) ఇది చెబుతోంది.

8. వివాదం వస్తే?

అప్రెంటిస్ కాంట్రాక్టుకు సంబంధించిన వివాదమైతే అప్రెంటిస్‌షిప్ సలహాదారుకు నివేదించాలి. నిర్ణయం అందిన 30 రోజుల్లో అప్పీలు చేయాలి. ఒప్పందానికి సంబంధించిన వివాదమైతే అందులో రాసుకున్న విధానమే ముందు వర్తిస్తుంది.

మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, ఆదాయ పరిమితిలోపు ఉన్నవారు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. తెనాలిలోని మండల న్యాయసేవాధికార కమిటీని సంప్రదించండి, లేదా 15100కు ఫోన్ చేయండి. సంతకం చేశాక కాదు, చేయకముందే.