కౌంటీ బోర్డు సభ

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమునందు 58 కౌంటీలు కలవు. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. బాటలు, ఆరోగ్యము, చెరసాలలు, బీదలకు సాయము మున్నగు కార్యములు చూచుటకు ప్రతి కౌంటీకిని ఒక బోర్డు కలదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో తప్ప తక్కినచోట్ల ప్రస్తుతము సభ్యులు ఐదుగురు. వారి సభ జరుగు విధమును తెలిసికొందము.

మొదటిది ప్రకటన. 1953లో చేయబడి పిమ్మట సవరింపబడిన బ్రౌను చట్టము ప్రకారము, సాధారణ సభలో చర్చించు విషయముల పట్టికను 72 గంటలు ముందుగా ప్రజలకు కనబడునట్లు అంటింపవలెను. అత్యవసరము వంటి కొలది సందర్భములలో దక్క, పట్టికలో లేని విషయముపై తీర్మానము చేయరాదు.

రెండవది వినుట. తీర్మానమునకు ముందు ఎవరైనను మాటలాడవచ్చును. కాలపరిమితి యుండవచ్చును గాని, బోర్డును విమర్శించెనని యెవరినోరును మూయింపరాదు. అచ్చట కాపురమున్న మన తెలుగు అవ్వ యొకతె దుబాసి ద్వారా మాటలాడినచో, సాధారణముగా ఆమెకు రెట్టింపు కాలము ఈయవలెను.

మూడవది ఓటు. ముగ్గురు వచ్చిన సభ జరుగును. కాని మొత్తము సభ్యులలో అధికసంఖ్యాకులు సమ్మతింపవలెను గనుక, ఆ ముగ్గురును ఏకీభవింపవలసినదే. ఎవరు ఎట్లు ఓటుచేసిరో బహిరంగముగా తెలుపుదురు.

విద్యార్థులారా! మన తరగతి సభలలో పట్టిక వ్రాయుట సులభముగను, నచ్చనిమాటను తుదివరకు వినుట కష్టముగను మాకు కనబడినది. మన పక్షము గెలుచునని తెలిసియున్నను ఎదుటివాని మాట విందము. అతడు ఓటులో ఓడిపోవచ్చును. వినబడకుండ ఇంటికి పోరాదు.