వరి రకాన్ని బట్టి ఉల్లికోడు లార్వా మేత, పెరుగుదల: తెలుగు ప్రాంతాల అనుభవం

వరి పొలంలో ఉల్లికాడ వంటి గొట్టాలు కంటబడేనాటికి ఉల్లికోడు పురుగు తన మేతను దాదాపు ముగించి ఉంటుంది. గొట్టం ఏర్పడిన పిలక కంకి వేయదు. లోపలనున్న పురుగుకు మందు అందడం కష్టం. కనుక ఈ పురుగు విషయంలో రకం ఎంపికకు ఇతర పురుగుల విషయంలో కంటే ఎక్కువ ప్రాధాన్యం ఉన్నది.

రకానికీ పురుగుకూ మధ్య పోరు జరిగే స్థానం చాలా చిన్నది. గుడ్డు పెట్టిన 3–4 రోజులకు వెలువడిన లార్వా ఆకుపై తడి ఉన్నప్పుడు పాకుతూ, ఆకు తొడిమల మధ్యగా దిగి, పిలక మొదట్లోని పెరిగే మొగ్గను చేరును. టీఎన్ 1 వంటి లొంగిపోయే రకంలో అది అక్కడే మేసి మూడు దశలు పెరుగును. దాని మేత ప్రభావంతో ఆకు తొడిమ గొట్టంగా సాగును. నిరోధక రకంపై కూడా తల్లి పురుగు గుడ్లు పెట్టును. లార్వా మొగ్గ వరకూ చేరును. అయితే మొదటి దశ దాటలేక కొద్ది రోజుల్లోనే చనిపోవును. అనగా ఈ నిరోధకత ప్రధానంగా పురుగును దూరం పెట్టేది కాదు, దాని పెరుగుదలను ఆపేది.

ఆపే తీరు అన్ని రకాల్లోనూ ఒకటి కాదు. ఐఆర్ 8, సియాం 29 సంకరం నుంచి వచ్చిన ఫల్గుణలో లార్వా మేసిన చోట కణజాలం గోధుమ రంగుకు మారి చనిపోవును. దీనినే అతిసున్నిత ప్రతిచర్య అంటారు. ఎంటీయూ 15, ఈశ్వరకోర సంకరం నుంచి వరంగల్‌లో రూపొందిన డబ్ల్యు 1263లో ఇట్టి మచ్చ కనబడదు, అయినా లార్వా చనిపోవును. మొదటి దానిలో జీఎం 2, రెండవ దానిలో జీఎం 1 జన్యువులున్నవి.

గొట్టాల శాతం ఒక్కటే లెక్కించే క్షేత్ర పరిశీలనలోని లోపం ఇక్కడ స్పష్టమవుతుంది. మడిలో గొట్టాలు లేకపోవడానికి రకం బలం కారణం కావచ్చు. పిలకల దశలో పురుగు రాకపోవడమూ కారణం కావచ్చు. పక్కనే వేసిన టీఎన్ 1లో గొట్టాలు సమృద్ధిగా ఉంటేనే మొదటి నిర్ణయానికి ఆధారం దొరుకుతుంది. కొన్ని పిలకలను చీల్చి, మొగ్గ వద్ద మొదటి దశలో చనిపోయిన లార్వాలు ఉన్నవో లేవో చూడడం అంతకంటే నమ్మదగినది. శ్రమతో కూడినదే అయినా విద్యార్థి పరిశోధనల్లో దీనిని వదిలివేయడం తగదు.

నిరోధకత రకానికి శాశ్వత గుణం కాదని శ్రీకాకుళం ప్రాంతం చూపింది. 1980లలో అక్కడ ఫల్గుణపై పురుగు మామూలుగా పెరగడం మొదలైంది. ఆ పురుగును బయోటైపు 4గా గుర్తించారు. డబ్ల్యు 1263, ఫల్గుణ, ఏఆర్‌సీ 5984, టీఎన్ 1 రకాలను వరుసగా వేసి చూస్తే బయోటైపు 1 ఎదుట మొదటి మూడూ నిలిచి టీఎన్ 1 మాత్రమే లొంగును. బయోటైపు 3 ఎదుట ఫల్గుణ కూడా లొంగును. జగిత్యాలలో కనబడినది ఇదే. బయోటైపు 4 ఎదుట మొదటి రెండూ లొంగగా ఏఆర్‌సీ 5984 మాత్రమే నిలుచును. తరువాత వరంగల్‌లో నమోదైన 4 ఎం బయోటైపుకు నాలుగూ లొంగినవి. అదే వరంగల్ నుంచి జీఎం 1 గల రకాలు వెలువడినవని గుర్తుంచుకుంటే, ఒకే జన్యువుపై ఆధారపడడంలోని ప్రమాదం తేటపడుతుంది.

జీఎం 2ను ఛేదించే లక్షణం పురుగులో ఒకే అంతర్గత జన్యువుతో, లింగ సంబంధంగా సంక్రమిస్తుంది. మగ పురుగులో దానిని కప్పిపుచ్చే మరో ప్రతి ఉండదు కనుక, తల్లి నుంచి వచ్చిన ఒక్క ప్రతితోనే లక్షణం బయటపడును. విస్తారంగా ఒకే రకం వేసిన ప్రాంతంలో బతికి బయటపడేవి అట్టి పురుగులే.

విస్తరణ శాస్త్రవేత్త చేతిలోని పరికరం ఖరీదైనది కాదు. ఒక్కొక్క తల్లి పురుగును విడిగా తొట్టిలోని నారుపై వదలి, దాని సంతానం ఏయే రకంపై గొట్టం కట్టినదో చూస్తే ఆ మండలంలోని పురుగు సంతతిలో ఛేదించే శక్తి గల తల్లుల నిష్పత్తి తెలియును. గొట్టాలు పొలమంతా పరుచుకోకముందే ఈ నిష్పత్తి పెరుగుదల కనబడును; మరుసటి వానాకాలానికి వేరొక జన్యువు గల రకాన్ని సూచించడానికి అప్పటికి ఇంకా వ్యవధి ఉంటుంది.