కిశోరానికి తొలి పాఠం

షోళింగనల్లూరు కూడలి నుండి తూర్పుగా పోయి బకింగ్‌హాం కాలువ దాటితే సముద్రతీరం వస్తుంది. ఈ తీరానికీ గుర్రానికీ ఉన్న సంబంధం చాలా పాతది. పదమూడవ శతాబ్దం చివర వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఈ ప్రాంతపు రాజుల గురించి వ్రాశాడు. మోటుపల్లి రాజ్యపు రాణిని కొనియాడినవాడూ ఇతడే. ఇక్కడి రాజులు ఏటా వేలకొద్దీ గుర్రాలను అరబ్బు, పారసీక తీరాల నుండి ఓడలపై తెప్పించుకొనేవారట. ఏడాది తిరిగేసరికి వాటిలో వంద కూడ మిగిలేవి కావట! యాత్రికుల లెక్కలు కొంచెం పెరిగి ఉండవచ్చు. కాని అతడు చెప్పిన కారణం గమనింపదగినది. గుర్రాన్ని సాకడం తెలిసినవారు ఇక్కడ లేరు. తెలిసినవారిని వర్తకులు రానిచ్చేవారు కారు. గుర్రాలు చస్తూ ఉంటేనే కదా వారి బేరం సాగేది!

తెలుగునాట ఆ విద్య లేకపోలేదు. కాకతీయుల కాలంలో అశ్వసేనపై అధికారిని ‘సాహిణి’ అనేవారు. మనుమంచిభట్టు గుర్రాలను గురించి ‘హయలక్షణ విలాసం’ అనే పద్యగ్రంథమే వ్రాశాడు.

గుర్రపుపిల్లకు సంస్కృతంలో ‘కిశోరం’ అని పేరు. మీ వయసు బాలురను కిశోరులు అంటామే, ఆ మాటే! తల్లి కడుపులో పదకొండు నెలలుండి పుట్టిన ఈ పిల్ల, సాధారణంగా గంటలోపే లేచి నిలబడుతుంది. భయం కలిగితే పారిపోవడం దాని సహజగుణం. దానికి పంజా లేదు, కొమ్ము లేదు, కాళ్లే రక్ష.

అందుచేత బలంతో లొంగదీయాలని చూడడం తెలివితక్కువ. ఈనాడు ఇద్దరు మనుషులు కలిసి పిల్లను అదిమి పట్టుకోగలరు. మూడేళ్లు గడిచాక అది సుమారు నాలుగు వందల కిలోల జంతువు. మనిషి చేయి అంటే భయమని అప్పటికే నేర్చుకొని ఉంటే, సూది వేయవచ్చిన పశువైద్యునికీ, డెక్కలు చెక్కేవానికీ, దానికీ కూడ ప్రమాదమే.

మొదట మచ్చిక చేసుకోవలసింది పిల్లను కాదు, తల్లిని. ఫ్రాన్సు దేశంలో పరిశోధకులు 2005లో ఒక సంగతి ప్రకటించారు. పిల్ల పుట్టిన మొదటి అయిదు రోజులూ తల్లిగుర్రాన్ని మెల్లగా దువ్వి, చేతితో మేత పెట్టారు. పిల్లను ముట్టుకోలేదు. అది పక్కన నిలిచి చూసిందంతే! ఏడాది తరువాత కూడ ఆ పిల్లలు మనుషుల దగ్గరకు ఎక్కువ ధైర్యంగా వచ్చాయి.

తరువాత పిల్లను తాకడం. గుర్రానికి కళ్లు తలకు ఇరుపక్కలా ఉంటాయి. సరిగా వెనుక ఉన్నది దానికి కనబడదు. కాబట్టి పక్క నుండి, మెల్లగా మాటాడుతూ చేరాలి. ముందు మూపు మీద గోకాలి. తల్లి కూడ అక్కడే గోకుతుంది గనుక పిల్లకు అది హాయి. అక్కడి నుండి మెడకు, వీపుకు, కాళ్లకు చేయి జరపాలి. పిల్ల బెదిరితే చేయి వెంటనే తీయకూడదు, గట్టిగా పట్టనూ కూడదు. అది కుదుటపడిన క్షణాన తీయాలి. ఇందులోనే కిటుకంతా ఉన్నది. బెదిరినప్పుడు వదిలితే బెదరడమే నేర్చుకొంటుంది.

రోజుకు పది నిమిషాలు చాలు. గ్రీకు దేశీయుడు క్సెనోఫోన్ సుమారు 2,400 ఏళ్ల క్రితమే ఇటువంటి మాట వ్రాశాడు: మేత, నీరు, ఉపశమనం మనిషి వల్లనే లభిస్తాయని పిల్లకు తెలియాలట.

ఇక హాల్టర్. ఇది కళ్లెం కాదు. నోటిలో ఇనుపకడ్డీ ఉండదు. ముక్కు మీదుగా, చెవుల వెనుకగా పోయే మెత్తని పట్టె మాత్రమే. ముందు దానిని వాసన చూడనివ్వాలి, మెడకు రాయాలి, ఆపైన తొడగాలి. నడక నేర్పేటప్పుడు తల పట్టి లాగరాదు. లేత మెడకు దెబ్బ తగులుతుంది. పిల్ల వెనక్కు గుంజుకొని వెల్లకిల పడితే ప్రాణానికే ముప్పు. వెనుక తొడల చుట్టూ మెత్తని తాడు వేసి, మెల్లగా ముందుకు ఒత్తాలి. ఒక్క అడుగు వేయగానే తాడు వదులు చేయాలి. ఆ వదులే దానికి బహుమానం. గుంజకు కట్టివేయడం ఇప్పుడే వద్దు.

పాఠం ముగిశాక హాల్టర్ విప్పివేయాలి. అలాగే వదిలితే కాలు చిక్కుకోవచ్చు. తల పెరిగేకొద్దీ పట్టె చర్మంలోకి దిగవచ్చు. విప్పేటప్పుడు కూడ తొందర పనికిరాదు. విప్పిన తరువాత పిల్ల పరుగెత్తక మన చేతి దగ్గరే కాసేపు నిలిచిందంటే, రేపటి పాఠానికి అది సిద్ధమైనదన్నమాట.